గుమ్మం ముందు వ్యాను

ఇళ్ళ సామాను సర్దే మేస్త్రీ ఇంట్లో సూట్‌కేసు లేదంటే ఎవరైనా నవ్వుతారు. కానీ లేదు. ఊళ్ళోవాళ్ళ సంసారాలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కించి, టేపు చుట్టి, లారీలో పేర్చి, ఇంకో ఊళ్ళో గాజుగ్లాసు కూడా బీటవారకుండా దించే మనిషికి తన బట్టలు నాలుగు పెట్టుకోవడానికి ఒక మంచి సంచీ అయినా లేదు. పెళ్ళికి వెళ్ళినా అట్టపెట్టే, ఆస్పత్రికి వెళ్ళినా అట్టపెట్టే. ఈ కథలో జరిగిన అనర్థమంతా ఆ అట్టపెట్టెతోనే వచ్చింది.

పనివాళ్ళు ఆయన్ని టేపు మేస్త్రీ అంటారు. టేపు చుట్టను గాజులాగా చేతికి తొడుక్కుని తిరుగుతాడు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలో నిలబడి ఒకసారి చుట్టూ చూసి, ఇది ఇన్ని పెట్టెల కొంప అని మనసులో లెక్క కట్టేస్తాడు. చుట్టాలింటికి వెళ్ళినా అదే బుద్ధి. ఒకసారి బావమరిది కొత్త ఇంట్లో అడుగుపెట్టి, ఆ బీరువా ఈ తలుపులోంచి బయటికి రాదు, విడగొట్టాల్సిందే అన్నాడు. వాళ్ళు ఆ బీరువా లోపల పెట్టి ఇంకా వారం కాలేదు. ఆ బావమరిది ఆ తర్వాత చాన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆయన పనిచేసే కంపెనీకి ఒక అలవాటు ఉంది. కొత్త ఊళ్ళో శాఖ తెరిస్తే ముందు టేపు మేస్త్రీని పంపుతుంది. ఆయన వెళ్ళి అక్కడి కుర్రాళ్ళకు పని నేర్పుతాడు, శాఖ కాస్త నిలదొక్కుకోగానే కంపెనీ ఆయన్ని ఇంకో ఊరికి ఎత్తేస్తుంది. అలా పిల్లలిద్దరికీ ఊహ తెలిశాక మూడు ఊళ్ళు మారారు. పెద్దది బళ్ళో ఒక స్నేహితురాలిని సంపాదించుకునేసరికి ఊరు మారేది. చిన్నాడు వీధి మలుపులు నేర్చుకునేసరికి వీధి మారేది.

మారుతున్నామని ముందే చెబితే ఏడుస్తారు. రోజూ ఏడుస్తారు. అందుకని మేస్త్రీ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముందురోజు వరకూ నోరు మెదపడు. ఆ సాయంత్రం పిల్లలకు ఏదో ఒక తాయిలమో బొమ్మో కొనిపెడతాడు. మర్నాడు పొద్దున గుమ్మం ముందు వ్యాను ఆగుతుంది. "చెప్పులేసుకోండి. ఎక్కడికని అడక్కండి" అంటాడు. సామాను వెనకాల కుర్రాళ్ళు సర్ది లారీలో తెస్తారు. ఏడుపంతా దారిలోనే అయిపోతుంది. ఈ పద్ధతి తన బుర్రలో పుట్టినందుకు ఆయనకు కాస్త గర్వం కూడా ఉండేది.

అలాంటి మనిషికి ఈమధ్య యజమాని ఒక చల్లని కబురు చెప్పాడు. ఈ ఊళ్ళో పెద్ద గోడౌను కట్టారు కదా, దాన్ని నీకప్పగిస్తున్నాను, ఇక నిన్ను ఎక్కడికీ పంపను, పిల్లల చదువులయ్యేదాకా ఇక్కడే ఉండు అన్నాడు. మేస్త్రీకి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంటికొచ్చి భార్య చెవిలో చెబితే ఆవిడ చేతిలో గరిట అలాగే పట్టుకుని కాసేపు గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

ఇంకెవరైనా అయితే ఆ పూటే పిల్లల్ని పిలిచి చెప్పేసేవాళ్ళు. ఈయనకు అది చప్పగా తోచింది. ఇన్నేళ్ళ పనిలో ఆయన ఎన్నో ఇళ్ళ పిల్లల్ని చూశాడు. సామాను కదులుతుంటే మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో ఏదో బొమ్మ పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా చూస్తుంటారు. తన పిల్లల ముఖాలు కూడా మూడుసార్లు అలా అయ్యాయి. ఆ ముఖాలు తన మూలంగా ఒక్కసారైనా విప్పారగా చూడాలని ఆయన కోరిక. అందుకని వాళ్ళను పెద్ద థీమ్ పార్కుకు తీసుకెళ్ళి, ఆ గేటు ముందు నిలబెట్టి, ఇక మనం ఎక్కడికీ వెళ్ళమర్రా అని అక్కడ చెప్పాలనుకున్నాడు. రెండు సంతోషాలు ఒకేసారి.

"చెప్పెయ్యండి. మంచిమాట దాచుకోవడం దేనికి?" అంది భార్య.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఈ ఒక్కసారి నానబెట్టు" అని ఆయన ఒట్టు వేయించుకున్నాడు.

పార్కులో నీళ్ళ ఆటలున్నాయట. పిల్లలకు ఈతబట్టలు, తువ్వాళ్ళు, టోపీలు కొన్నాడు. ఇంట్లో కనబడితే గుట్టు బయటపడుతుందని వాటిని దాచాలనుకున్నాడు. ఎందులో దాస్తాడు? అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? కొత్త అట్టపెట్టె తెచ్చి, మడతపెట్టి సర్ది, పైన టేపు వేసి అటకెక్కించాడు. అక్కడికదే క్షేమం అనుకున్నాడు.

అప్పట్నుంచీ ఇంట్లో గాలి మారింది. పెద్దది, పన్నెండేళ్ళ పిల్ల, ఎప్పుడూ ఏదో ఒకటి అడిగి ప్రాణం తీసేది, ఒక్కసారిగా బుద్ధిమంతురాలైపోయింది. చెప్పకముందే తన బట్టలు మడతపెట్టుకుంటోంది. అడిగినదానికి సరే అంటోంది. బళ్ళో పరుగుపందెం జట్టులో చోటు దొరికిందని మొన్నటిదాకా వీధి వీధంతా ఉరికిన పిల్ల, ఒకరోజు జట్టులోంచి తప్పుకున్నానంది. ఏమ్మా అంటే, ఊరికే అంది. మేస్త్రీకి ఒళ్ళు మండింది. కొనిపెట్టిన కొత్త బూట్లు ఇంకా రంగు మాయలేదు. పట్టుదల లేని పిల్లలు అని భార్య దగ్గర గొణిగాడు.

ఆ తర్వాత చిన్నాడు. వాడికి ఏడేళ్ళు. గాజుసీసాలో ఒక చేపపిల్ల ఉండేది. దాన్ని వాడు అన్నం మానేసి మరీ సాధించుకున్నాడు. ఒక సాయంత్రం మేస్త్రీ వచ్చేసరికి కిటికీ దగ్గర సీసా లేదు. పక్కింటి టీచరమ్మకు ఇచ్చేశానన్నాడు వాడు. ఎందుకురా అంటే నేలచూపులు చూశాడు.

"పిల్లలు మనసులో ఏదో పెట్టుకున్నారండీ. ఇప్పటికైనా చెప్పెయ్యండి" అంది భార్య.

ఇంకెన్నాళ్ళు, ఈ ఆదివారమేగా, అప్పుడు చూడు వాళ్ళ ముఖాలు అన్నాడాయన. ఇన్నాళ్ళు ఆగి చివర్లో చెడగొట్టుకుంటానా అన్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. బస్సులో అయితే పార్కుకు మూడు చోట్ల దిగి ఎక్కాలి. అందుకని మేస్త్రీ యజమానిని బతిమాలి కంపెనీ వ్యాను తెచ్చాడు. ముందు రెండు వరుసల సీట్లు, వెనక సామానుకు డబ్బా, డబ్బా మీద కంపెనీ పేరు, పేరు కింద పరిగెత్తే సోఫా బొమ్మ. సరిగ్గా గుమ్మానికి ఆనేటట్టు వెనక్కి నడిపి పెట్టాడు. అదీ అలవాటే. అటక మీది పెట్టె దించి వెనక పెట్టాడు. ఇంట్లోకొచ్చి, లోపల్నుంచి తన్నుకొస్తున్న నవ్వును ఆపుకుంటూ, ముఖం గంభీరంగా పెట్టి అన్నాడు.

"చెప్పులేసుకోండి. ఎక్కడికని అడక్కండి."

ఎవరూ అడగలేదు. పెద్దది లేచి తమ్ముడి చెప్పుల బకిల్ పెట్టింది. గదులన్నీ ఒకసారి తిరిగొచ్చింది. చిన్నాడు గుమ్మం దగ్గర గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఎక్కరా అంటే ఎక్కాడు. వీధి మలుపు తిరిగేదాకా అక్కాతమ్ముళ్ళిద్దరూ మెడలు వెనక్కి తిప్పి ఇంటినే చూస్తున్నారు.

దారంతా మేస్త్రీ పడని పాట్లు లేవు. పొడుపుకథలు వేశాడు. గిర్రున తిరుగుతుంది గానీ గానుగ కాదు, ఏమిటో చెప్పండి అన్నాడు. తెలీదు నాన్నా అన్నారు. పైకెళ్తుంది, కిందికొస్తుంది, కడుపులో తిప్పుతుంది, ఏమిటది అన్నాడు. తెలీదు నాన్నా. ఆయన అడిగేది గోడను అడిగినట్టుంది. పెద్ద రోడ్డెక్కాక చిన్నాడు వాంతి చేసుకున్నాడు. ఆపి, కడిగి, మళ్ళీ ఎక్కేసరికి వెనక లారీవాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడిచాడు. అద్దంలో చూస్తే పెద్దదాని చెంపల మీద తడి కనిపించింది. ఎందుకమ్మా అంటే దుమ్ము అంది. అద్దాలు మూసే ఉన్నాయి.

మేస్త్రీ గేరు గట్టిగా లాగాడు. ఇంత చేస్తుంటే ఈ ముఖాలేమిటి? తన చిన్నతనంలో నాన్న పక్కవీధిలో బొమ్మలాటకు తీసుకెళ్తే రాత్రంతా నిద్రపోలేదే. కాలం మారిపోయింది, పిల్లలకు దేనికీ సంతోషం లేదు అని పళ్ళు కొరుకుతూ నడిపాడు. భార్య మాత్రం పక్కన కూర్చుని ఆయన్ని ఒక చూపు చూసి కిటికీ వైపు తిరిగింది. ఆ చూపు ఆయనకు ఇంకా మంట పుట్టించింది.

పార్కు దగ్గర కార్లు ఆపే చోట కాపలావాడు అడ్డుకున్నాడు. సామాను బళ్ళు ఇటు రాకూడదు, వెనక గేటుకు పోవాలన్నాడు. సామాను కాదయ్యా, మనుషులమే అంటే, డబ్బా మీద సోఫా బొమ్మ చూపించాడు. చివరికి ఆ వ్యానును ఎక్కడో చెత్తబళ్ళ పక్కన పెట్టి, ఎండలో చుట్టూ తిరిగి, ముందు గేటుకు చేరేసరికి మేస్త్రీ చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. అయినా పట్టువదల్లేదు. గేటు ముందు పిల్లల్ని నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. గొంతు సవరించుకుని, ఇప్పుడు తెరవండి అన్నాడు.

తెరిచారు. ఎదురుగా మేడంత బొమ్మ, రంగురంగుల తోరణం, దాని వెనక ఆకాశంలో చక్రం తిరుగుతోంది, జనం కేకలు వినిపిస్తున్నాయి. చిన్నాడు అదంతా చూశాడు. చూసి, వాళ్ళమ్మ కొంగులో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

పెద్దది ఏడవలేదు. తోరణం వంక, చక్రం వంక, టికెట్ల కిటికీ వంక చూసి, తండ్రి వైపు తిరిగింది.

"ఐస్‌క్రీమ్ కొన్నప్పుడు పక్క ఊరే నాన్నా. బొమ్మ రైలు కొన్నప్పుడు ఒక పగలంతా పట్టింది. సైకిలు కొన్నప్పుడు రెండు రోజులు పట్టింది. ఈసారి ఇంత పెద్దది చూపిస్తున్నావంటే ఎంత దూరం?"

మేస్త్రీకి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. అటక మీద కొత్త పెట్టె. గుమ్మానికి ఆనించిన వ్యాను. చెప్పులేసుకోండి అన్న మాట. పరుగుపందెం, చేపపిల్ల. ఇన్నాళ్ళూ ఈ పిల్లలు తన కళ్ళముందే ఊరు విడిచిపెట్టే పని ఒద్దికగా చేసుకుంటున్నారు. చేపను కూడా ఒప్పజెప్పేశారు. తను మాత్రం పట్టుదల లేని పిల్లలని సణుగుతున్నాడు.

ఓరి నాయనోయ్ అని నెత్తిన చెయ్యి పెట్టుకుని, అక్కడే, జనం తోసుకుంటుంటే చెప్పేశాడు. ఊరు మారడం లేదర్రా. గోడౌను నాకిచ్చారు. ఇక్కడే ఉంటాం. ఇది తాయిలం కాదు, పండగ. ఒట్టు.

పిల్లలు తలూపారు. అలా తలూపడం ఆయనకు తెలుసు. పిల్లలు మర్యాద కోసం ఊపే ఊపు అది.

"పోయిన ఊళ్ళో కూడా ఇక్కడే ఉంటామన్నావు" అంది పెద్దది. ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్నమాట చెప్పింది.

ఆయనకు తన్నుకొచ్చింది కోపం. కోపం ఎవరి మీదో ఆయనకే తెలీదు, అందుకని అది పిల్లల మీద పడింది. నేనేమన్నా దొంగనా, కన్నతండ్రిని నమ్మరా, ఇంత దూరం మోసుకొచ్చింది ఏడవడానికా అని అరిచాడు. వరుసలో నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. చిన్నాడు ఏడుపు మింగేసి ఎక్కిళ్ళు పెట్టాడు. అది ఏడుపుకంటే ఘోరంగా ఉంది. నాన్నా పులి అని రోజూ అరిచినవాడు నిజంగా పులి వచ్చిన రోజు ఎంత అరిచినా ఏం లాభం? ఈయన సంగతి ఇంకా తలకిందులు. ఈసారి పులి రావడం లేదురా నాయనా అంటున్నాడు, దాన్నీ ఎవరూ నమ్మడం లేదు.

"మన ఇంటి తాళంచెవి వాడి చేతికివ్వండి" అంది భార్య. "ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు తాళంచెవి తెచ్చుకోరు కదరా" అని కొడుకు కళ్ళు తుడిచింది.

మేస్త్రీ జేబులోంచి తాళంచెవి తీసిచ్చాడు. వాడు దాన్ని తిప్పి తిప్పి చూసి గుప్పిట్లో బిగించాడు. అలాగే లోపలికెళ్ళారు.

లోపల సంతోషంగా ఉన్నారని చెప్పడానికి లేదు. పెద్దది ఎక్కమన్న ఆటలన్నీ ఎక్కింది. దిగి, బాగుంది నాన్నా అంది. మందు మింగి బాగుందన్నట్టు అంది. పడవ ఊయల దగ్గర చిన్నాణ్ణి ఆపేశారు. చేతిలో ఇనుప వస్తువు ఉంటే ఎక్కనివ్వరట. నాకివ్వరా, ఎక్కొచ్చేదాకా నేను పట్టుకుంటా అని మేస్త్రీ చెయ్యి చాపాడు. వాడు ఆ చెయ్యి వంక చూశాడు. నీకు వద్దు, అమ్మకిస్తా అన్నాడు. అమ్మ అక్కతో పాటు అవతల ఇంకో వరుసలో ఉంది. ఆవిడ వచ్చేదాకా ఎక్కనన్నాడు. తండ్రీకొడుకులిద్దరూ ఊయల కింద నిలబడి ఎవరెవరో పిల్లలు కేకలు పెడుతుంటే చూశారు. ఆయన చెయ్యి కాసేపు అలాగే చాపి ఉంది. తర్వాత దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఈతబట్టల పెట్టె వ్యానులోనే ఉండిపోయింది. నీళ్ళ ఆటల ఊసు ఎవరూ ఎత్తలేదు.

తిరుగుదారిలో వ్యాను సొంత వీధి మలుపు తిరిగేసరికి చిన్నాడు సీటు మీద మోకాళ్ళేసి లేచాడు. ఇల్లు ఉంది. తాళం ఉంది. వాడే దిగి తీశాడు. లోపలికెళ్ళి మంచం, బీరువా, కిటికీ అన్నీ ముట్టుకుని చూసి, అమ్మా మన సామానుంది అన్నాడు.

మేస్త్రీ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏం చేస్తే నమ్ముతారు? ఇంకేం చెయ్యాలి నేను అని భార్యను అడిగాడు.

ఆవిడ బీరువా వెనక్కి వేలు చూపించింది. అక్కడ మడిచిన అట్టపెట్టెలు దొంతరగా ఉన్నాయి. ఈ సంసారం పెట్టెలే. దళసరి అట్ట, రెండు పొరలది. ప్రతి ఊళ్ళోనూ సామాను దించగానే వాటిని విప్పి, మడిచి, తడి తగలకుండా దాచడం ఆయన నియమం. మంచి పెట్టె పారేస్తే ఆయనకు అన్నం పారేసినంత పాపం. కొత్త ఇంట్లోకి ఎప్పుడొచ్చినా పిల్లలకు గోడ కంటే ముందు ఆ దొంతరే కనబడేది.

మేస్త్రీ వాటిని వాకిట్లోకి ఈడ్చుకొచ్చి కత్తి తీశాడు. మొదటి పెట్టె మీద చెయ్యి ఆడలేదు. ఎంత చక్కటి అట్టో. చిన్నాడు వచ్చి పక్కన నిలబడి చూస్తున్నాడు. కళ్ళు మూసుకున్నంత పని చేసి పరాపరా చీల్చాడు. ఆ తర్వాత ఆగలేదు. పొద్దున్నుంచీ ఉన్న ఉక్రోషమంతా ఆ అట్టల మీద తీర్చుకున్నాడు. ముక్కలు మోకాళ్ళ ఎత్తు లేచాయి. చిన్నాడు ఒక ముక్కను కాలితో తొక్కి చూశాడు. ఇంకోటి తొక్కాడు. ఉన్నట్టుండి పక్కింటి గుమ్మంలోకి దూసుకుపోయి, టీచరమ్మగారూ నా చేప ఇచ్చెయ్యండి, మేం వెళ్ళడం లేదు అన్నాడు. ఆ మాట కోసమే మేస్త్రీ ఇంత పండగ చేయబోయాడు. వినేసరికి చీల్చడం ఆపి ముక్కు చీదుకున్నాడు.

ఇంకా ఏమైనా మిగిలాయా అని ఇల్లంతా వెతికాడు. పెద్దదాని మంచం కింద ఒకటి తగిలింది. ఈడిస్తే బరువుగా వచ్చింది. మడిచినది కాదు, నిండుగా సర్దినది. నాలుగు మూలలూ నొక్కి, మధ్యలో అడ్డంగా నిలువుగా టేపు వేసి, పైకి ఉండాల్సిన వైపు బాణం గీసి ఉంది. ఆయన పనివాళ్ళలో సగం మందికి ఆ పద్ధతి ఇంకా చేతకాలేదు. భేష్ అన్నమాట నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"అది నాది" అంది పెద్దది, గుమ్మంలోంచి.

"ఎప్పుడు సర్దావమ్మా?"

"సర్దలేదు నాన్నా. ఈ ఇంటికొచ్చాక విప్పలేదు."

ఆయన పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ పిల్ల ఇన్నాళ్ళూ తన ఇంట్లో దిగనే లేదన్నమాట. కత్తి మొన టేపు మీద ఆనించి, తియ్యనా అన్నట్టు కూతురి వంక చూశాడు. పిల్ల వచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది.

"వద్దు. ఇది ఉండనీ."

"ఇంకా నమ్మలేదా తల్లీ?"

"నమ్మాను" అంది. "అయినా ఉండనీ."

ఆయనకు కోపం రాలేదు. కోపమంతా వాకిట్లో ముక్కలై పడి ఉంది. కత్తి మడిచి జేబులో పెట్టుకుని, ఒక వైపు తను, ఒక వైపు కూతురు పట్టుకుని, బాణం పైకి ఉండేటట్టు చూసుకుని పెట్టెను మంచం కిందికి జరిపారు.

మర్నాటి నుంచి ఆ పిల్ల పరుగుకు వెళ్తోంది. జట్టులో చోటు వేరేవాళ్ళకిచ్చారట, అయినా వెళ్తోంది. మేస్త్రీ రోజూ గోడౌను నుంచి రాగానే చెప్పులు వెతుక్కునే వంకతో ఆ మంచం కిందికి వంగి చూస్తాడు. పెట్టె అలాగే ఉంటుంది. ఆ టేపు వెయ్యడం నేర్పింది తనే. అంత తేలిగ్గా ఊడదని ఆయనకు తెలుసు.